శరత్తు వెచ్చగా సాగుతోంది, బాతులు కనబడట్లేదు: రాలేదా, మనకు చిక్కట్లేదా?

జమ్ముగట్టు (ప్రశ్న)

నమస్తే అందరికీ. లోతు తక్కువ ఉన్న ఒక చిత్తడి నేల గురించి అడుగుతున్నాను. ఎక్కడా నడుముకు మించి నీళ్లుండవు. మూడు వైపులా జమ్ము, నాలుగో వైపు గట్టు, గట్టు మీద ఒక హైడ్ (పక్షులకు కనబడకుండా కూర్చుని చూసే గది). వారానికోసారి ఉదయం 9 నుంచి 11 దాకా, గట్టు మీద ఎప్పుడూ ఉండే నాలుగు చోట్ల నిలబడి పక్షుల లెక్క తీస్తాం. 10×42 బైనాక్యులర్, 80 మి.మీ. స్కోప్, దానికి 20–60 ఐపీస్ ఉన్నాయి.

ఈసారి అక్టోబర్ చివరికొచ్చినా చలి జాడ లేదు. రాత్రిళ్లు కూడా వెచ్చగానే ఉంటున్నాయి. జమ్ము ఇంకా పచ్చగా మనిషెత్తున నిలబడి ఉంది. ఈపాటికి వెళ్లిపోవాల్సిన వానకోయిలలు నీటి మీద తిరుగుతూనే ఉన్నాయి. మునుగుడు కోడి ఒకటి ఇంకా పిల్లల్ని వీపు మీద మోస్తోంది. నామం కోళ్లకు కొదవ లేదు. బాతులే మామూలుగా ఉండేదాంట్లో నాలుగో వంతు కూడా లేవు. ఉన్నవన్నీ గోధుమ రంగులో ఒకేలా ఉన్నాయి, ఏది ఏ జాతో తేల్చుకోలేకపోతున్నాం.

అడగాల్సినవి మూడు. చలి లేకపోవడం వల్ల బాతులు ఇంకా బయలుదేరలేదా? వచ్చీ కనబడట్లేదేమో అని ఎలా పరీక్షించుకోవాలి? ఇలాంటి ఏడాది లెక్కను ఎలా రాసి పెట్టుకుంటే తర్వాత పనికొస్తుంది?

---

తూముకాడ

బాగా అడిగారు. చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి "ఈ ఏడు బాతులు రాలేదు" అని తేల్చేస్తారు. అందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. బాతులు ఉత్తరానే ఆగిపోయి ఉండొచ్చు. వచ్చి, చుట్టుపక్కల నీళ్లన్నిటికీ పంచుకుపోయి ఉండొచ్చు. లేదా మీ కళ్ల ముందే ఉండి మీకు చిక్కకపోవచ్చు. వెచ్చటి శరత్తులో ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి. అందుకే విడదీయడం కష్టం.

మొదటిది చూద్దాం. వలస పక్షుల్ని రెండు రకాలుగా అనుకోండి: క్యాలెండర్ పక్షులు, వాతావరణం పక్షులు. పగటి పొద్దు తగ్గడమే సూచనగా, లోపలి గడియారం చెప్పినట్టు బయలుదేరేవి క్యాలెండర్ పక్షులు. ఉల్లంకుల్లో (నీటి అంచు బురదలో మేసే పక్షులు) ఎక్కువ భాగం ఇవే. పెద్దవి జులై, ఆగస్టుల్లోనే గూళ్లు పెట్టిన చోటు వదిలేస్తాయి, ఆ ఏడు పుట్టినవి కొన్ని వారాల తర్వాత వెనకే వస్తాయి. బాతుల్లో గార్గనీ ఇలాంటిదే. వెచ్చదనం ఉన్నా లేకపోయినా దాని తేదీలు పెద్దగా మారవు.

టీల్, విజియన్, మల్లార్డ్, టఫ్టెడ్ బాతు, చాలా రకాల హంసబాతులు వాతావరణం పక్షులు. పగటి పొద్దు వీటిని సిద్ధం చేస్తుంది. బయల్దేరమని చెప్పేది మాత్రం గడ్డకట్టే నీరు, మేతను కప్పేసే మంచు. బాతుకు చలి పెద్ద ఇబ్బంది కాదు, ఈకల కోటు అంత గట్టిది. నీరు గడ్డకడితే మేత అందదు, అదీ అసలు బాధ. కాబట్టి మీ దగ్గర రాత్రి ఎంత చల్లగా ఉందన్నది వీటికి పట్టదు. చూడాల్సింది ఉత్తరాన వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్ల అవతల కనిష్ఠ ఉష్ణోగ్రత. అక్కడ రోజు సగటు సున్నా కిందికి దిగి కొన్నాళ్లు అలాగే ఉంటే లోతు తక్కువ మడుగులు ముందు గడ్డకడతాయి, లోతైన సరస్సులు ఆ తర్వాత. అదే వరసలో ముందు టీల్ లాంటి పైపైన మేసే బాతులు, తర్వాత మునిగి మేసే బాతులు కదులుతాయి.

దీనికి తోడు గాలి. ఉత్తరార్ధగోళంలో చల్లగాలి ముందంచు దాటిపోయాక ఆకాశం తేటపడి, వెనక నుంచి ఉత్తరపు గాలి వీచే రాత్రులే పెద్ద ప్రయాణాలు. వెచ్చటి శరత్తుల్లో దక్షిణపు గాలి రోజుల తరబడి ఎదురు వీస్తుంది, పక్షులు కాచుకుని కూర్చుంటాయి. గాలి మళ్లిన రెండు మూడు రాత్రుల్లో మూడు వారాల రాక ఒక్కసారిగా ఊడిపడుతుంది. బాతు గంటకు 60–80 కిలోమీటర్లు ఎగురుతుంది, ఒక్క రాత్రిలో 500 కిలోమీటర్లు దాటడం వింత కాదు. వారానికోసారి వెళ్లేవాళ్లు ఆ రెండు రాత్రుల్ని ఇట్టే జారవిడుచుకుంటారు. గాలి మళ్లిన మర్నాడు మీ లెక్క రోజు కాకపోయినా వెళ్లండి. దాన్ని మామూలు లెక్కలో కలపకుండా అదనపు లెక్కగా విడిగా రాయండి.

ఇంకొకటి. కొన్ని జాతులు ఏళ్ల తరబడి మజిలీనే ముందుకు జరుపుకున్నాయి. యూరప్‌లో టఫ్టెడ్ బాతు, గోల్డెన్‌ఐ, గూసాండర్ శీతకాలానికి ఇదివరకటి కంటే ఈశాన్యంగా ఆగిపోతున్నాయి. ఫిన్లాండ్‌లో పెరిగాయి, దక్షిణ, పడమటి అంచుల్లో తగ్గాయి. ఒక చిత్తడి నేలలో లెక్క పడిపోయిందంటే జాతి మొత్తం తగ్గిందని అర్థం కాదని ఇందుకే అంటారు.

---

రెక్కలచప్పుడు

ముందు టైము మార్చండి. 9 నుంచి 11 అన్నది ఎండ కాసే వెచ్చటి రోజుల్లో మంచి టైము కాదు.

తడి బురద, ఎండుగడ్డి వేడెక్కి నేల మీద గాలి పొరలు పొరలుగా కదులుతుంది. స్కోప్‌లో చూస్తే బాతు నీళ్లలో కరిగిపోతున్నట్టు ఉంటుంది. అప్పుడు 60కి తిప్పితే పక్షితో పాటు ఆ అలజడి కూడా పెద్దదవుతుంది, అంతే. 25, 30 దగ్గర ఆపండి. వెలుగు లెక్క కూడా అదే చెబుతుంది: 80 మి.మీ. అద్దాన్ని 60తో భాగిస్తే కంటికి చేరే కాంతి కడ్డీ 1.3 మి.మీ. మాత్రమే, 25తో భాగిస్తే 3.2. గట్టు మీద ఎత్తైన చోటు ఏదన్నా ఉంటే అక్కడికి మారండి. చూపు నేలను రాసుకుంటూ పోకుండా రెండు మూడు మీటర్ల పైనుంచి దిగితే తేడా తెలుస్తుంది. మబ్బు పట్టిన రోజు దొరికితే వదలొద్దు.

హైడ్‌లో కూర్చుని చూస్తే ఇంకో తంటా. లోపలి వెచ్చటి గాలి కిటికీలోంచి బయటికి పోతూ సరిగ్గా స్కోప్ ముందే అలలు అలలుగా లేస్తుంది. స్కోప్ మూతిని కిటికీ బయటికి పెట్టండి. బయటి వేడికి సర్దుకోవడానికి దానికి పావుగంట పడుతుంది, అప్పటిదాకా ఫోకస్ కుదరట్లేదని అద్దాలు తుడుస్తూ కూర్చోవద్దు.

తెల్లవారుజామునే వెళ్లమని అందరూ చెబుతారు, నేనూ అదే అంటాను, కానీ ఒక మెలిక ఉంది. వెచ్చటి తేమ గాలి, గాలి వీచని తేట రాత్రి కలిస్తే తెల్లారేసరికి నీటి మీద పొగమంచు కూర్చుంటుంది. అది లేచేసరికి పొద్దెక్కి గంటన్నర, రెండు గంటలు అవుతుంది, అప్పటికి మళ్లీ ఎండ అలలు మొదలు. అలాంటి రోజు మీకు మిగిలేది అరగంట. ఆ అరగంటలో బాతులు కూర్చునే వైపే ముందు చూడాలి, గట్టు చివర మొదలెట్టకూడదు.

అసలు పరీక్ష సాయంత్రం. పైపైన మేసే బాతులు పగలు విశ్రాంతి తీసుకుని రాత్రి మేతకు పోతాయి. పగలు జమ్ము మధ్య నీటి గుంటల్లో తలలు రెక్కల్లో దూర్చుకుని పడుకున్నవి మీ నాలుగు చోట్ల నుంచీ కనబడవు. జమ్ము పచ్చగా ఉన్న ఏడాది మరీను. వాటిని లేచేటప్పుడు లెక్కపెట్టండి. పద్ధతి ఇదీ:

సూర్యాస్తమయానికి అరగంట ముందే గట్టు మీద కూర్చోండి, తర్వాత ముప్పావు గంట కదలొద్దు. ముఖం పడమటికి ఉండాలి, చివరి వెలుతురు మీద నల్లటి ఆకారాలుగా కనబడాలి. ఆకాశంలో రెండు గుర్తులు పెట్టుకోండి, ఒక చెట్టు, ఒక స్తంభం. ఆ రెంటి మధ్య గీతను దాటినవే లెక్క. బయటికి పోయినవి ఒక గడి, లోపలికి వచ్చినవి ఇంకో గడి, ఐదేసి నిమిషాలకు ఒక వరస. లోపలికి వచ్చినవి తీసేయకపోతే, తిరిగి తిరిగి దాటిన గుంపునే రెండుసార్లు రాసుకుంటారు. నిండు వెన్నెల రోజుల్లో బాతులు తొందరపడవు, చీకటి పడ్డాక చాలాసేపు విడతలుగా పోతాయి. అలాంటి రోజు లెక్క తక్కువ వస్తే ఆశ్చర్యపోకండి.

చీకట్లో జాతిని చెవితో పట్టండి. మగ విజియన్ "వ్వీ...యూ" అని ఒకటే ఈల, ఎత్తుకెళ్లి జార్చినట్టు. మగ టీల్‌ది "క్రిక్... క్రిక్" అని చిన్న గంట మోగినట్టు. మగ సూదితోక బాతుది మెత్తటి చిన్న ఈల. ఆకారం చూస్తే టీల్ గుంపు బిగుతుగా, ఉల్లంకుల గుంపులా ఒక్క ఉదుటున మలుపు తిరుగుతుంది. సూదితోకకు సన్నటి పొడుగు మెడ. చెంచామూతి బాతుకు ముందు బరువెక్కువ, రెక్కలు ఒంటికి వెనగ్గా అతికించినట్టుంటాయి.

---

జమ్ముగట్టు

ధన్యవాదాలండీ. ఈ శనివారం సాయంత్రం ఇద్దరం కూర్చుంటాం. మరి ఆ గోధుమ రంగు బాతుల సంగతి? ఒకదానికి ముక్కు పక్కన కొంచెం నారింజ రంగు ఉంది. ఒకదాని ముక్కు మొత్తం నలుపు. ఇంకొకదాని మొహం మీద ముక్కుకు, కంటికి మధ్య తెల్లటి నెలవంక లాంటి మచ్చ ఉంది, తల మాత్రం మామూలు గోధుమే.

---

బురదబూట్లు

ఆ నెలవంకది మగ చెంచామూతి బాతు. పూర్తి మగ రంగులకు రాకముందు మధ్యలో ఒక ఈకల దశ ఉంటుంది దానికి, శరత్తంతా నెలవంకతో తిరుగుతుంది. దాన్ని బ్లూ-వింగ్డ్ టీల్ అని రాసేసిన వాళ్లున్నారు. ముక్కు చెంచాలా ఉందో లేదో చూస్తే చాలు.

మిగతా వాటికి ఒకటే సూత్రం: ఒంటి ఈకల్ని నమ్మొద్దు. మగ బాతులు ఎండాకాలంలో మెరుపు ఈకలు రాల్చి ఆడవాటిలా మారతాయి. ఎక్లిప్స్ అంటాం. రెక్క ఈకలూ అప్పుడే ఒకేసారి రాలతాయి, మూడు నాలుగు వారాలు ఎగరలేవు. కొత్త రంగులు చాలావాటికి అక్టోబర్, నవంబర్‌లలో వస్తాయి. పెద్దగా మారనివి ముక్కు, కన్ను, రెక్క మీది గుర్తులు. ఆ మూడూ చూడండి.

ముక్కు అంతా నల్లగా ఉండి, రెక్క వెనకంచున తెల్లటి గడి కనబడితే మగ గాడ్వాల్. ఆడదానికి ముక్కు పక్కలు శుభ్రంగా నారింజ రంగు, మధ్యలో నల్లటి చార. తెల్ల గడి ఈత కొట్టేటప్పుడు పక్కటీకల కింద దాగుతుంది, రెక్క విదిల్చేదాకా ఆగాలి. టీల్ అయితే నామం కోడి కంటే చిన్నది, తోక మొదట్లో పక్కగా తెల్లటి సన్న గీత. ఆడదానికి ముక్కు మొదట్లో నారింజ ఛాయ ఉంటుంది, ఎక్లిప్స్ మగదానికి ముదురు బూడిదే. మగ సూదితోకకు ముక్కు పక్కలు నీలి బూడిద రంగు, నడుమ నల్ల చార. ఆడదానికి ఆ నీలం ఉండదు, మొత్తం మసక బూడిదే. మగ విజియన్ పెద్దదైతే రెక్క ముందు భాగం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఎగిరితే కిలోమీటరు దూరం నుంచి పట్టొచ్చు. ఆ ఏడు పుట్టిన మగవాటికి ఆ తెలుపు ఇంకా రాదు, అది గుర్తుంచుకోండి.

మగ చెంచామూతికి కన్ను పసుపు, ఆడదానికి చాలావరకు గోధుమ. స్కోప్‌లో 40 మీద, వెలుగు మీ వెనక నుంచి ఉన్నప్పుడు ఇది తేలిగ్గా తెలుస్తుంది.

గార్గనీ మగది మాత్రం ఇంకా కొన్ని నెలలు గోధుమగానే ఉంటుంది. టీల్‌తో పొరబడేది దీన్నే. మొహం మీద చారలు చూడండి: కంటి మీద తెల్ల గీత, కంటి గుండా నల్ల గీత, బుగ్గ మీద ఇంకో మసక గీత, ముక్కు మొదట్లో ఒక లేత చుక్క, గొంతు తెలుపు. టీల్ మొహం దాంతో పోలిస్తే కడిగిన పలకే.

ఏ జాతో తేలనివి ఉంటాయి. "బాతు, జాతి తెలియదు, 35" అని రాయండి. ఊహించి టీల్‌లో కలిపేస్తే తర్వాత ఎవరూ దాన్ని విడదీయలేరు.

మార్ష్ హారియర్ (చిత్తడి నేలల మీద వేటాడే గద్ద) వచ్చినప్పుడు హడావుడిగా దాన్నే చూడకండి. అది జమ్ము మీద తేలుతూ పోతుంటే కింద దాక్కున్నవన్నీ లేచి పది సెకన్లు గాల్లో ఉంటాయి, రెక్కలన్నీ అప్పుడే విప్పి చూపిస్తాయి.

---

తూముకాడ

రెండో సంగతి, పంచుకుపోవడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి మళ్లీ వచ్చాను.

వెచ్చటి శరత్తులో ప్రతి గుంటా మేత గుంటే. నీరు గడ్డకట్టదు, మొక్కలు చావవు, పురుగులు తగ్గవు. ఇరుకైనప్పుడు మీ దగ్గరికి చేరాల్సిన గుంపు పది చోట్ల పది ముక్కలుగా ఉంటుంది. అది తెలియాలంటే చుట్టుపక్కల నీటి గుంటల్ని ఒకే రోజు, ఒకే గంటలో వేర్వేరు మనుషులు చూడాలి. ఇవాళ ఒకటి, రేపు ఒకటి అని చూస్తే అవే బాతుల్ని మళ్లీ మళ్లీ లెక్కపెడతారు.

దానికంటే ముందు మీ నీళ్లు బాతులకు సరిపడా ఉన్నాయో లేదో కొలవండి. గుర్తులు పెట్టిన ఒక కర్ర చాలు. స్టింట్‌లు అనే చిన్న ఉల్లంకులు 2–3 సెంటీమీటర్ల నీళ్లు దాటి దిగవు. టీల్‌కు బెత్తెడు నుంచి జానెడు లోపు అనుకూలం. సూదితోక మెడ పొడుగు కాబట్టి తోక పైకెత్తి ఇంకొంచెం లోతు అందుకుంటుంది, మూరెడు దాటితే దానికీ కష్టమే. మునిగి మేసేవాటికి మీటరు, ఆపైన. మీరు నడుము లోతు అన్నారు. ఆ లోతు నీరు ఎక్కువ భాగం పరచుకుని ఉంటే టీల్‌కు అది ఉత్త పడక గది, వంట గది కాదు. నామం కోళ్లు బోలెడు ఉన్నాయంటేనే నీటి అడుగున నాచు మొక్కలు బాగా ఉన్నాయని తెలుస్తోంది, అవి మునిగి తెచ్చుకుని తింటాయి. వాటి చుట్టూ గాడ్వాల్, విజియన్ తిరుగుతుంటాయి, పైకి తెచ్చిన ఆకును ముక్కు మీది నుంచే లాక్కుంటాయి. అక్కడ వెతకండి.

తూము మీ చేతిలో ఉంటే నీటిని ఒక్కసారి దించకండి. అడుగు 500 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలి ఉందనుకుంటే, ఒక్క సెంటీమీటరు దించితే అంచు 5 మీటర్లు లోపలికి జరుగుతుంది. రోజుకు ఒకటి రెండు సెంటీమీటర్లు దించితే రోజూ కొత్త తడి బురద తేలుతుంది, పక్షులు ఆ అంచు వెంబడే మేస్తూ పోతాయి. ఒకేరోజు 20 సెంటీమీటర్లు దించితే 100 మీటర్ల బురద ఒక్కసారి బయటపడి, ఎండకు పైన పెంకు కడుతుంది. దాంట్లోకి ఏ ముక్కూ దిగదు. ఆ మీద గడ్డి మొలుస్తుంది. ఇలాంటి వెచ్చటి ఏడాది రెండు వారాల్లో అది చీలమండలు దాటిపోతుంది.

బురదలో మేత ఉందా లేదా అన్నది చూడాలంటే 10 సెంటీమీటర్ల వ్యాసమున్న పైపు ముక్కను 10 సెంటీమీటర్ల లోతు గుచ్చి, పై మూత బిగించి లాగండి. వచ్చిన బురదను అర మిల్లీమీటరు జల్లెడలో కడగండి. మిగిలేవాటిలో రక్తపు రంగు సన్నటి పురుగులు కైరొనోమిడ్ ఈగల లార్వాలు, బాతులకూ ఉల్లంకులకూ ఇదే అన్నం. లెక్కపెట్టి 127తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్నో వస్తుంది. అంచు దగ్గర ఐదు చోట్ల తీసి సగటు చూడండి, ఒక్క గుచ్చుతో ఏమీ తేల్చొద్దు. ముందు ఆ నేల చూసుకునేవాళ్ల అనుమతి తీసుకోండి.

---

జమ్ముగట్టు

తూము మా చేతిలో లేదు, కానీ కర్రతో కొలవడం, పైపు పరీక్ష చేయొచ్చు, అడుగుతాం.

ఒక విషయం రాయడం మర్చిపోయాను. దక్షిణపు మూల నీరు కదలని చోట రెండు నామం కోళ్లు, ఒక బాతు చచ్చి పడున్నాయి. ఇంకో బాతు రెక్కలతో నీటిని కొట్టుకుంటూ పాకుతోంది, మెడ ఎత్తలేకపోతోంది. ఎవరన్నా కొట్టారేమో అనుకున్నాం.

---

లెక్కలపిట్ట

ఇది ముందు చెప్పాల్సిన మాట. మిగతా చర్చ ఆగొచ్చు. ఆ మూలకు వెళ్లొద్దు, ఆ పక్షుల్ని ముట్టుకోవద్దు, కుక్కల్ని ఆ నీళ్ల దగ్గరికి రానివ్వొద్దు. ఇవాళే ఆ ప్రాంతపు వన్యప్రాణి శాఖకు, పశువైద్య శాఖకు ఫోన్ చేయండి. ఏ జాతివి, ఎన్ని, బతికున్నవి ఎలా ప్రవర్తిస్తున్నాయి, చోటు ఎక్కడ, నీరు కదులుతోందా లేదా అని చెప్పండి. దూరం నుంచే ఫోటో తీయండి.

మీరు చెప్పిన లక్షణాలు బాట్యులిజంలా ఉన్నాయి. టైప్ సి క్లోస్ట్రిడియం బాట్యులినమ్ అనే బాక్టీరియా విత్తులు బురదలో ఏళ్ల తరబడి నిద్రపోతాయి. నీరు కదలక, వెచ్చగా, ప్రాణవాయువు లేక, కుళ్లు ఎక్కువైన చోట లేచి విషం తయారుచేస్తాయి. ముందు కాళ్లు పడిపోతాయి, తర్వాత రెక్కలు, కంటి లోపలి మూడో రెప్ప, చివరికి మెడ. మెడ వాలాక చాలా బాతులు విషంతో కాకుండా నీళ్లలో తల మునిగి చస్తాయి. చచ్చినదాని మీద ఈగలు గుడ్లు పెడతాయి. పుట్టిన పురుగులకు ఆ విషం ఎక్కదు, అవి దాన్ని ఒంట్లో మోస్తాయి. అలాంటివి నాలుగైదు తిన్న బాతు కూడా పడిపోతుంది, దాని మీద మళ్లీ ఈగలు. అందుకే శవాల్ని రోజూ తీసేయడమే దీనికి అసలు మందు, అయితే ఆ పని రక్షణ దుస్తులతో, శాఖ వాళ్ల చేతుల మీదుగా జరగాలి.

మామూలు ఏడాది శరత్తు చల్లబడగానే ఇది దానంతట అదే ఆగిపోతుంది. నీరు 20 డిగ్రీల పైనే ఉంటున్న ఏడాది ఆగదు. బాతుల రాక ఆలస్యమైనా రాగానే ఆ మూలలోనే దిగితే నష్టం పెద్దది.

బర్డ్ ఫ్లూ కాదని కళ్లతో చెప్పలేం. తల వణకడం, గుండ్రంగా తిరగడం, మెడ మెలిపడటం దాంట్లో కనబడతాయి, కానీ తేల్చేది ప్రయోగశాలే. నీటి మీద పచ్చ పెయింటు పోసినట్టు తెట్టు ఉందేమో కూడా దూరం నుంచి గమనించి చెప్పండి. నీలి ఆకుపచ్చ నాచు విషం అయినా ఇలాగే చంపుతుంది, వెచ్చటి నిలవ నీరే దానికీ ఇష్టం.

ఇంటికి పోయేముందు బూట్లు, ట్రైపాడ్ కాళ్లు కడగండి. మొదట బ్రష్‌తో బురద మొత్తం పోవాలి, ఆ తర్వాతే క్రిమిసంహారకం. బురద మీద బ్లీచ్ పోస్తే బురదే దాన్ని మింగేస్తుంది, లోపల ఉన్నది అలాగే ఉంటుంది. మరో చిత్తడి నేలకు అదే రోజు పోవద్దు.

---

బురదబూట్లు

లెక్కలపిట్ట గారు చెప్పింది అక్షరాలా పాటించండి. ఇంకొక్కటి: చలి లేని శరత్తులో పిడుదులు, దోమలు కూడా సెలవు తీసుకోవు. సాయంత్రం లెక్కకు గడ్డిలో కూర్చునేటప్పుడు ప్యాంటు అంచులు సాక్స్‌లోకి దోపండి, లేత రంగు బట్టలైతే పాకేవి కనబడతాయి.

---

లెక్కలపిట్ట

మూడో ప్రశ్నకు ఎవరూ రాలేదు. రాసి పెట్టడం గురించి చెబుతాను.

లెక్కపెట్టే పద్ధతి అందరికీ తెలుసనుకుంటారు, తప్పులు అక్కడే. గుంపును చూడగానే అంకె అనుకోవద్దు. పదింటిని నిజంగా లెక్కపెట్టి, అవి కంటికి ఎంత చోటు తీసుకున్నాయో పట్టుకుని, ఆ ముక్కను గుంపు మీద జరుపుకుంటూ పోండి. వందలు దాటితే యాభైల ముక్క. గుంపు మధ్యలో బిగుతుగా, అంచుల్లో పలచగా ఉంటుంది, కాబట్టి ముక్కను మధ్యలో ఒకసారి, అంచులో ఒకసారి సరిచూసుకోవాలి. పెద్ద గుంపుల్ని మనుషులు సాధారణంగా తక్కువే అంచనా వేస్తారు. ఫోటో తీసి ఇంట్లో చుక్కలు పెట్టి లెక్కపెడితే మీ కన్ను ఎంత తింటోందో తెలుస్తుంది.

ఒక దిక్కు నుంచే మొదలుపెట్టండి, రెండు జాతులకు మించి ఒక చుట్టులో లెక్కపెట్టొద్దు. లెక్కపెట్టని వైపు నుంచి లేచి, లెక్కైపోయిన వైపుకు వచ్చి వాలినవి కలపాలి. లెక్కపెట్టిన వైపు నుంచి ముందుకు పోయి వాలిన గుంపు ఎంతదో రాసుకుని, అక్కడికి చేరినప్పుడు తీసేయాలి. ఇద్దరుంటే ఒకరు స్కోప్ వదలకుండా నోటితో చెప్పాలి, ఒకరు రాయాలి. అంకెలు చివర్లో కలపండి, మధ్యలో కాదు.

ప్రతిసారీ రాయాల్సినవి: మొదలైన సమయం, ముగిసిన సమయం, గాలి, మబ్బు, ఎండ అలలు ఉన్నాయా, కర్ర మీద నీటి మట్టం, ప్రతి భాగంలో నీరు ఎంత వంతు కనబడింది. ఆ చివరిదే మీకు ఈ ఏడాది ప్రాణం. జమ్ము ఎండి వంగిపోయిన ఏడాది నీరు పదింట ఎనిమిది వంతులు కనబడేది, ఈ ఏడాది నాలుగే కనబడుతోందనుకోండి. బాతులు అన్నే ఉన్నా లెక్క సగం అవుతుంది. వంతు రాసి ఉంటే తర్వాత చూసేవారికి ఆ సంగతి అర్థమవుతుంది, లేకపోతే "బాతులు సగమయ్యాయి" అని చదువుకుంటారు.

సున్నాకు, ఖాళీకి తేడా పాటించండి. చూశాం, లేవు: 0. పొగమంచు వల్ల ఆ భాగం చూడలేదు: గీత. చూడని చోట సున్నా వేస్తే అది అబద్ధమవుతుంది.

వానకోయిలలు ఇంకా ఉన్నాయన్నారు. "చివరిసారి కనబడిన తేదీ" మీద పెద్ద మాటలు కట్టొద్దు. వారానికోసారి వెళ్తే అసలు వెళ్లిపోయిన రోజు, చివరగా కనబడిన రోజుకీ కనబడని మొదటి రోజుకీ మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు, అంటే ఏడు రోజుల తేడా. పైగా వెచ్చగా ఉందని జనం ఎక్కువ తిరిగితే ఆలస్యపు తేదీలూ ఎక్కువే దొరుకుతాయి. పక్షి మారలేదు, మనుషులు మారారు. దానికి బదులు పది రోజులకోసారి, ఎన్ని లెక్కల్లో ఎన్నిట్లో కనబడింది అని చూడండి. తేదీ కంటే ఇది నిలకడగా ఉంటుంది.

తూముకాడ గారు చెప్పిన అదనపు లెక్కలు విడిగా ఉంచమన్న మాట మరీ ముఖ్యం. గాలి మళ్లిన రోజున పోయి చూసిన పెద్ద అంకెను వారం లెక్కల్లో కలిపితే, పాత ఏళ్లతో పోల్చడానికి వీలుండదు.

అక్టోబర్ అంకెల్ని చూసి బెంగపడే ముందు ఒకటి గమనించండి. ప్రపంచ నీటి పక్షుల గణన 1967 నుంచి జనవరిలోనే జరుగుతోంది, ఎందుకంటే అప్పుడు పక్షులు అన్నిటికన్నా తక్కువ కదులుతాయి. ఒక చిత్తడి నేలకు రామ్‌సర్ (ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందం) గుర్తింపు కోసం చూసే 20,000 నీటి పక్షులు, లేదా ఒక జాతి సంఖ్యలో 1 శాతం అనే కొలతలకు కూడా ఒక్క ఏడాది చాలదు, క్రమం తప్పకుండా ఉండాలి. మీ శరత్తు లెక్క రాక ఎలా జరిగిందో చెప్పడానికి. ఎన్ని ఉన్నాయో చెప్పేది జనవరి లెక్కే.

---

జమ్ముగట్టు

శాఖకు ఫోన్ చేశాం, దక్షిణపు మూల తాళ్లు కట్టి మూసేశారు. నమూనాలు తీసుకెళ్లారు. శనివారం సాయంత్రం లెక్క గట్టు ఉత్తరపు కొసన పెట్టుకుంటాం. ఒక్క అనుమానం: సాయంత్రం లెక్కకు 10×42 సరిపోతుందా, 8×42 కావాలా?

---

రెక్కలచప్పుడు

ఉన్నదాంతోనే కానివ్వండి. చీకట్లో 8కి కాంతి కడ్డీ 5.2 మి.మీ., 10కి 4.2. తేడా కనబడేది చివరి పావుగంటలోనే. 8తో నిజంగా లాభం చూపు వెడల్పు, గీత దాటే గుంపు రెండు కొసలూ ఒకేసారి కంట్లో పడతాయి. అది లేకపోతే బైనాక్యులర్ దించేసి ఉత్త కంటితో గీతను చూస్తూ, గుంపు గీతకు చేరబోయేటప్పుడే ఎత్తండి. ఇద్దరున్నారు కాబట్టి ఒకరు ఉత్త కళ్లతోనే ఉండండి. తూర్పు వైపు నుంచి తల మీదుగా పోయే టీల్‌లు బైనాక్యులర్‌లో ఉన్నవాళ్లకు ఎప్పుడూ కనబడవు, రెక్కల చప్పుడు విని తలెత్తేసరికి దాటిపోయి ఉంటాయి.